నీలి తెర వచ్చినప్పుడు – నిందించక ముందు



"మా ఇంట్లోని కంప్యూటరు పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి ఆగిపోతున్నది. మళ్లీ దానంతట అదే మొదలవుతుంది, గంట తిరగక ముందే మళ్లీ నీలం. మా అబ్బాయి ఆటలాడి చెడగొట్టాడని నా అనుమానం. వాడేమో నేను కాదంటాడు. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలన్నారు. కొట్టించమంటారా?" తుళ్లూరు నుండి ఒక సహోదరుడు 2025 మార్చిలో మాకు వ్రాసిన ఉత్తరంలోని మాటలివి. ఇటువంటి ప్రశ్నలు మాకు అనేక చోట్ల నుండి వస్తున్నాయి గనుక ఈ నెల ఈ సంగతిని గూర్చే వ్రాయదలచాము.

ఆ కుటుంబం 2015లో తమ పొలాన్ని రాజధాని భూ సమీకరణకు ఇచ్చి, ఇప్పుడు పొరుగూరిలో కౌలుకు మిరప వేసుకుంటున్న కుటుంబం. ఆ కంప్యూటరులో ఏమేమి ఉన్నాయో ఉత్తరం చివర సహోదరుడు వ్రాశారు. భూమి ఇచ్చినప్పటి పత్రాల ప్రతులు, వచ్చిన ప్లాటు కాగితాలు, కుమార్తె రెండు సెలవుల్లో కూర్చొని ఎక్కించిన సంఘపు కుటుంబాల రిజిస్టరు, కన్నుమూసిన నాయనమ్మ ఫోటోలు. ఇంటర్ పూర్తి చేస్తున్న కుమారుడు మే నెలలో జరిగే ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు అభ్యాసం చేసేది కూడా దాని మీదనే.

అది చదివిన వెంటనే మేము ఫోను చేసి, "ఫార్మాట్ కొట్టించవద్దు, మేము వచ్చి చూచే వరకు ఆగండి" అని చెప్పాము. ఎందుకంత తొందరపడ్డామో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా కార్యాలయంలోని కంప్యూటరుకు ఇదే జబ్బు చేసింది. మేము ఏమీ ఆలోచించకుండా దానిని రిపేరుకు పంపాము. సాయంత్రానికి శుభ్రంగా తిరిగి వచ్చింది. మరీ శుభ్రంగా వచ్చింది! ఆరేళ్ల ఫోటోలు, చందాదారుల జాబితా, అన్నీ పోయాయి. "లోపల మీకు కావలసినవి ఉన్నాయా?" అని అతడు అడగలేదు, "ఉన్నాయి" అని మేము చెప్పలేదు. పోయిన ఫోటోలలో ఇప్పుడు మన మధ్య లేనివారు ఉన్నారు. మా అజాగ్రత్తవలన నేర్చుకొన్న ఈ పాఠాన్ని మీరు నష్టపోకుండానే నేర్చుకోవాలని మా కోరిక.

ఇంతకూ ఈ నీలి తెర ఏమిటి? బోరు మోటారు ఉన్న మన రైతులకు దీనిని వివరించడం సులువు. కరెంటులో ఒక ఫేజు పోయినా, మోటారు ఎక్కువ కరెంటు లాగినా స్టార్టరు పడిపోతుంది. మోటారు కాలిపోకుండా కాపాడడమే దాని పని. విసుగుతో స్టార్టరు బటనుకు పుల్ల అడ్డం పెట్టి మోటారు నడిపించినవారు చివరకు వైండింగు ఖర్చు భరించినవారే. నీలి తెర కూడా అటువంటిదే. మనం వాడే ఉత్తరాల ప్రోగ్రాము, పాటల ప్రోగ్రాము వంటిది తప్పు చేస్తే విండోస్ దానిని ఒక్కదానినే మూసివేస్తుంది, మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. అయితే అన్నిటికీ ఆధారమైన లోపలి భాగంలోనే, అంటే కెర్నెల్ అనే మూలభాగంలో గాని, ప్రింటరు, తెర, వైఫై వంటి పరికరాలను నడిపే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాములో గాని, సర్దుకోలేని తప్పు కనబడితే ఇక ముందుకు సాగడం ప్రమాదం. సాగితే మీ ఫైళ్ల మీద తప్పుడు వ్రాతలు పడవచ్చు. అందుకని అది అక్కడికక్కడే ఆగి, ఎందుకు ఆగిందో ఒక్క ముక్కలో తెర మీద వ్రాసి, వివరాలను ఒక ఫైలులో భద్రం చేసుకొని తిరిగి మొదలవుతుంది.

కాబట్టి నీలి తెర వస్తే కంప్యూటరు చచ్చిపోయిందని కాదు. అది తన్ను తాను కాపాడుకొని, కారణం చెబుతున్నది. ఆ కారణాన్ని మనం చదవకపోవడమే చిక్కు.

ఇది ఎవరికైనా వచ్చేదే. 1998 ఏప్రిల్ 20న షికాగోలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, ఇంకా విడుదల కాని విండోస్ 98ను ఆయన సహోద్యోగి వేలమంది ముందు చూపిస్తున్నారు. స్కానరు తగిలించగానే పెద్ద తెర మీద నీలం ప్రత్యక్షమైంది. సభ ఘొల్లుమంది. ఇంకా అమ్మకానికి పెట్టకపోవడానికి కారణం ఇదే కాబోలునని గేట్స్ నవ్వుతూ అన్నారు. ఆయన ఎదుట వచ్చిన నీలి తెర మన తుళ్లూరు ఇంట్లో రావడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. అయితే ఆ కథలో ఒక కీలకమున్నది. స్కానరు తగిలించిన తరువాతే అది వచ్చింది. ముందు లేనిది ఇప్పుడు వచ్చిందంటే, మధ్యలో ఏదో మారి ఉండాలి.

మేము తుళ్లూరు వెళ్లిన దినాన మధ్యాహ్నపు ఎండ మండుతున్నది. పంచలో మిరప టిక్కీలు పేర్చి ఉన్నాయి, ఒకవైపు ఆడవారు తాలుకాయలు ఏరుతున్నారు. లోపలి గదిలో కిటికీ ప్రక్కనే కంప్యూటరు. కుమారుడు దాని దగ్గరికి కూడా రాలేదు. "వాడు మూడు వారాలుగా దాన్ని ముట్టడం లేదండీ, నెట్ సెంటరుకు పోతున్నాడు" అని తల్లి చెప్పింది. తండ్రి ముఖం చూస్తే, మాటలు గట్టిగానే జరిగాయని అర్థమైంది.

మేము మూడు ప్రశ్నలు అడిగాము. ఎప్పుడు మొదలైంది? ఏ సమయంలో ఎక్కువ వస్తున్నది? అది మొదలయ్యే ముందు క్రొత్తగా ఏమి చేరింది?

"ఎప్పుడో తెలియదండీ, వీడు ఆటలు ఎక్కించిన దగ్గర నుంచీ" అన్నారు తండ్రి.

"ఆటలు నేను దసరాకే తీసేశాను నాన్నా" అన్నాడు అబ్బాయి గుమ్మం దగ్గర నుండి.

తల్లి మాత్రం తాలుకాయల చేట ప్రక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, "పండగకు ముందు ఇట్లా లేదయ్యగారూ. పండగ పోయిన వారం, మొదటి కోత కాయలు ఇంటికి తెచ్చామే, అప్పటి నుంచి" అన్నది. మధ్యాహ్నాలే ఎక్కువ అని కూడా ఆమే చెప్పింది. కంప్యూటరు ముట్టుకోని ఆమెకు తేదీలు గుర్తున్నాయి. ఇంటిలో అందరినీ అడగాలని మేము చెప్పేది ఇందుకే.

తరువాత మేము చేసిన పనులను వరుసగా వ్రాస్తున్నాము. మీ ఇంట్లోను ఇదే వరుస పాటించవచ్చు.

మొదటిది, తెర మీది మాటను వ్రాసుకొనడం. విండోస్ 10, 11లలో "స్టాప్ కోడ్" అని ఒక పంక్తి ఉంటుంది. అది మాయమయ్యే లోపల ఫోనుతో ఫోటో తీయండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, గంట, అప్పుడు చేస్తున్న పని, ఆ కోడ్ వ్రాయండి. తెర మీద ఏదైనా ఫైలు పేరు కనబడితే అది కూడా వ్రాయండి, అది తరచుగా తప్పు చేసిన డ్రైవరు పేరు. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవరును అనుమానించాలి. ఒకసారి ఒకటి, మరొకసారి మరొకటి వస్తుంటే ర్యామ్, వేడి, కరెంటు వంటి భౌతిక కారణాలను ముందు చూడాలి. మేము ఫోనులో చెప్పిన తరువాత ఆ ఇంటి కుమార్తె నాలుగుసార్లు వ్రాసి పెట్టింది. రెండుసార్లు "మెమరీ మేనేజ్‌మెంట్", ఒకసారి "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా", మరొకసారి ఇంకొకటి. ఈ మొదటి రెండూ చాలాసార్లు ర్యామ్ వైపు వేలు చూపే మాటలు.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మీకు కావలసినవాటిని బయటికి తీసి పెట్టడం. కంప్యూటరు ఒక గంటైనా నడుస్తుంటే ఆ గంటను మరమ్మతుకు వాడవద్దు, కాపీ చేయడానికి వాడండి. పత్రాలు ముందు, ఫోటోలు తరువాత, సినిమాలు చిట్టచివర. ఒక పెన్‌డ్రైవు గాని, బయట తగిలించే హార్డ్ డిస్కు గాని చాలును. మేము ఆ మధ్యాహ్నం భూమి కాగితాలు, సంఘపు రిజిస్టరు, నాయనమ్మ ఫోటోలు మొదట తీశాము. మధ్యలో ఒకసారి నీలి తెర రానే వచ్చింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాము. అవి చేతికి వచ్చాక తండ్రి మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు.

మూడవది, అదనంగా తగిలించినవన్నీ తీసివేయడం. కీబోర్డు, మౌసు తప్ప ప్రింటరు, పెన్‌డ్రైవు, కెమెరా వంటివి తీసి చూడాలి. ఇక్కడ మార్పేమీ రాలేదు.

నాలుగవది, దుమ్ము. సీపీయూ అని మనం పిలిచే పెట్టెను కరెంటు తీగ పూర్తిగా పీకివేసిన తరువాతనే తెరవాలి. లోపల చేయి పెట్టే ముందు పెట్టె ఇనుప భాగాన్ని తాకాలి. మన ఒంటి మీద ఉండే స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను పాడు చేస్తుంది. మూత తీయగానే అక్కడున్న మాకందరికీ తుమ్ములు వచ్చాయి! ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కల మధ్య ఎర్రని మిరప పొడి, దానికి అంటుకొని ప్రత్తి నూగు. మన ప్రాంతపు ఇళ్లలో కంప్యూటరుకు ఇది పెద్ద శత్రువు. గాలి ఆడక వేడెక్కితే యంత్రం నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది, తప్పులు చేస్తుంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తని బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డ వాడకూడదు. నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపరలు పడతాయి. శుభ్రం చేసి, పెట్టెను కిటికీ నుండి, టిక్కీల నుండి దూరంగా బల్ల మీదికి మార్చాము.

మధ్యాహ్నపు నీలాలు తగ్గాయి. కాని రాత్రి మళ్లీ ఒకటి వచ్చిందని ఫోను. అంటే దుమ్ము ఒక కారణమే గాని, అసలు కారణం అది కాదు.

ఐదవది, ర్యామ్ పరీక్ష. విండోస్‌లోనే "మెమరీ డయాగ్నొస్టిక్" అనే పరీక్ష ఉన్నది. స్టార్ట్ దగ్గర ఆ మాట ఇంగ్లీషు అక్షరాలలో కొడితే కనబడుతుంది. కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టి అదే పరీక్ష చేసుకుంటుంది. తప్పు దొరికితే హార్డ్‌వేర్ సమస్య ఉన్నదని చెబుతుంది. ఇక్కడ అదే చెప్పింది. లోపల రెండు ర్యామ్ ముక్కలు ఉన్నాయి. అవి సరిగా కూర్చోకపోయినా ఈ బాధ వస్తుంది గనుక మొదట రెండింటినీ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. తగ్గకపోతే ఒక్కొక్కటిగా పెట్టి నడపాలి. పాతది ఒక్కటే పెట్టి రెండు రోజులు నడిపితే ఏమీ రాలేదు. అదే స్లాటులో రెండవది ఒక్కటే పెడితే గంటలోపే నీలం.

"ఈ రెండవది ఎప్పుడు వేయించారు?" అని మేము ఫోనులో అడిగాము. అవతల కొంతసేపు మాట లేదు.

"నేనే తెచ్చానండీ. సంక్రాంతికి గుంటూరు యార్డుకు పోయినప్పుడు. వాడి చదువుకు వేగంగా ఉంటుందన్నారని, వాడేసినది చవకగా వస్తే తెచ్చి బిగించాము" అన్నారు ఆ సహోదరుడు. ఆ సంగతి ఆయన దాచలేదు. మంచి చేద్దామని తెచ్చిన వస్తువు మీద అనుమానం ఆయనకు తట్టలేదు, అంతే. మనమందరమూ అట్టివారమే. తప్పును వెదికేటప్పుడు మన చేతిలో నుండి వచ్చినదానిని చివర చూస్తాము.

ఆ సాయంత్రం ఆయన అబ్బాయిని పిలిచి, "నీది కాదురా తప్పు, నాది" అన్నారట. ఇది మాకు తల్లి చెప్పింది. అబ్బాయి ఏమీ అనలేదట. రాత్రి భోజనాలయ్యాక వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడట.

ఇప్పుడు ఇతర కారణాలను గూర్చి. క్రొత్త డ్రైవరు, క్రొత్త అప్‌డేట్ వచ్చిన తరువాత నీలం మొదలైతే వెనక్కి వెళ్లే దారులు విండోస్‌లోనే ఉన్నాయి. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి రీస్టార్ట్ మీద క్లిక్ చేస్తే ఒక నీలి పట్టిక వస్తుంది. ఇది తప్పు చూపే నీలం కాదు, భయపడవద్దు. అందులో ట్రబుల్‌షూట్, తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ అప్‌డేట్‌ను తీసివేయడం, సిస్టమ్ రిస్టోర్‌తో మునుపటి తేదీ అమరికకు వెళ్లడం, స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా సేఫ్ మోడ్‌లోకి వెళ్లడం ఉంటాయి. సేఫ్ మోడ్ అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే నడవడం. అందులో నీలం రాకపోతే తప్పు తరువాత చేర్చినదేదో చేసిందని చాలావరకు తెలిసినట్లే. విండోస్ ఫైళ్లే చెడితే, అడ్మినిస్ట్రేటరుగా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ అని మూడక్షరాలు, ఖాళీ, ఏటవాలు గీత, వెంటనే స్కాన్‌నౌ అని కొట్టితే చెడినవాటిని సరిచేయడానికి ప్రయత్నిస్తుంది.

ఒక్క చిన్న ఫైలు ఎంత పని చేయగలదో లోకమంతా 2024 జూలై 19న చూచింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు బయలుదేరింది. 78 నిమిషాలలో దానిని వెనక్కి తీసుకున్నారు. ఆ లోపలే సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలమయ్యాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. అప్పుడు ఆ సంస్థ అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లగారే. తప్పు మైక్రోసాఫ్ట్‌ది కాకపోయినా నీలి తెర వచ్చింది విండోస్ మీదనే. అనేక దేశాలలో విమానాలు, ఆసుపత్రులు, బ్యాంకులు తబ్బిబ్బయ్యాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. ఆ భద్రతా ప్రోగ్రాము పెద్ద సంస్థలు కొనేది గనుక ఇళ్లలోని కంప్యూటర్లు చాలావరకు తప్పించుకున్నాయి. మరి విరుగుడు ఏమిటి? ఫార్మాట్ కాదు. అనేకచోట్ల మనుష్యులు ఒక్కొక్క యంత్రం దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును తీసివేశారు. అంత పెద్ద ఉపద్రవంలోనే ఫార్మాట్ అవసరపడకపోతే, మన ఇంటి నీలానికి మొదటి మందు ఫార్మాట్ ఎట్లా అవుతుంది?

ఇంకా మూడు హెచ్చరికలు చెప్పి ముగిస్తాము.

క్రొత్త ల్యాప్‌టాపులలో కొన్నిటికి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. మరమ్మతు సమయంలో అది 48 అంకెల తాళపు సంఖ్య అడగవచ్చు. అది చాలాసార్లు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. బాగున్న దినాలలోనే దానిని వెదికి కాగితం మీద వ్రాసి బీరువాలో పెట్టుకోండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయాన్ని 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. అదే సంవత్సరం విండోస్ 11లో నీలి తెర రంగు మార్చి నల్లగా చేశారు. కాబట్టి మీ ఇంట్లో నల్లని తెర మీద స్టాప్ కోడ్ కనబడితే అది క్రొత్త జబ్బు కాదు, పాతదే వస్త్రం మార్చుకున్నది.

మూడవది మోసం. ఇంటర్నెట్‌లో ఏదో చూస్తుండగా తెర నీలంగా మారి, పెద్ద శబ్దంతో "మీ కంప్యూటరుకు వైరస్, ఈ నంబరుకు వెంటనే ఫోను చేయండి" అని కనబడితే అది అసలు నీలి తెర కాదు. అసలు దాని మీద ఫోను నంబరు ఎన్నడూ ఉండదు. ఆ నంబరుకు ఫోను చేసినవారు తమ కంప్యూటరును, బ్యాంకు ఖాతాను దొంగ చేతికి ఇచ్చినవారవుతారు. బ్రౌజరును మూసివేయండి, మూతపడకపోతే కంప్యూటరును ఆపివేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే రిపేరుకు తీసుకొని వెళ్లండి. మీ నోటు పుస్తకం కూడా పట్టుకొని వెళ్లండి. పని తెలిసినవాడు దానిని చూచి సంతోషిస్తాడు. అతడు ఫార్మాట్ తప్పదంటే, కావలసినవి బయటికి తీశారో లేదో ఇంటిలో ప్రతివారినీ అడిగిన తరువాతనే ఒప్పుకోండి.

తుళ్లూరులో ఆ కంప్యూటరు ఇప్పుడు ఒక్క ర్యామ్‌తోనే నడుస్తున్నది. కొంచెం నెమ్మది. అబ్బాయి తన పరీక్ష దానితోనే ముగించాడు. బల్ల ప్రక్కన మేకుకు ఒక నోటు పుస్తకం వ్రేలాడుతున్నది. మొదటి నాలుగు పంక్తులు కుమార్తె చేతివ్రాత. ఐదవ పంక్తి తండ్రిది. "సంక్రాంతికి నేను తెచ్చిన ర్యామ్ తీసివేయబడినది" అని తేదీతో సహా ఆయనే వ్రాసుకున్నారు.